కంటి రొజేసియా: తరచుగా అడిగే ప్రశ్నలు

రొజేసియా అనే చర్మవ్యాధి అంటే ఎర్రబడిన బుగ్గలు, ముక్కు మాత్రమే అనుకుంటారు చాలామంది. అదే జబ్బు రెప్పల అంచుల్లో కూర్చుని నెలల తరబడి కళ్లను సతాయిస్తుందని తెలిసేలోపు ఇంట్లో నాలుగైదు చుక్కల మందు సీసాలు పోగవుతాయి. కింద చెప్పినదాంట్లో సగానికి పైగా ఇంట్లో చేసుకోవలసిన పనే. మందుల సంగతీ ఉంది, కానీ అవి డాక్టరు రాస్తేనే వాడాలి.

అసలు ఎక్కడ తేడా వస్తుంది?

రెప్ప అంచులో. అద్దం ముందు నిలబడి కింది రెప్పను వేలితో కాస్త కిందికి లాగి చూడండి. వెంట్రుకల వరసకు లోపలివైపు సూది మొనంత చుక్కలు వరసగా కనిపిస్తాయి. అవి మీబోమియన్ గ్రంథుల నోళ్లు. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. రెప్ప కొట్టినప్పుడల్లా వాటిలోంచి పిసరంత నూనె వచ్చి కన్నీటి పొర మీద పరుచుకుంటుంది. కన్నీరు త్వరగా ఆవిరి కాకుండా ఆపేది ఆ నూనే.

ఆరోగ్యంగా ఉన్న రెప్పను నొక్కితే ఆ నూనె తేటగా, వంటనూనెలా జారుతుంది. రొజేసియా ఉన్న రెప్పలో అది మొదట మబ్బుగా మారుతుంది. ముదిరాక ట్యూబులోంచి టూత్‌పేస్టు వచ్చినట్టు చిక్కగా తీగలా వస్తుంది, ఒక్కోసారి ఎంత నొక్కినా ఏమీ రాదు. లోపల నిలవపడిన నూనెను రెప్ప మీది బ్యాక్టీరియా విడగొడితే పుట్టే కొవ్వు ఆమ్లాలు కంటిని మండిస్తాయి. దానికి శరీరం అతిగా స్పందించి రెప్ప వాస్తుంది, ఆ వాపుతో గ్రంథుల నోళ్లు మరింత మూసుకుపోతాయి. ఈ చక్రాన్ని వేడి కాపడం ఒకచోట తెంపుతుంది, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఇంకోచోట తెంపుతుంది. ఉత్త చుక్కల మందు ఎక్కడా తెంపదు, కాసేపు ఊరటనిస్తుందంతే.

ఏయే లక్షణాలు ఉంటే అనుమానించాలి?

కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, మంట, ఎరుపు, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం. ఇవి ఇంకా ఎన్నో కంటి జబ్బుల్లో ఉంటాయి కాబట్టి వీటితోనే తేల్చలేం. కాస్త గట్టి ఆనవాళ్లు మూడున్నాయి. చదువుతుండగా అక్షరాలు మసకబారి, రెండుసార్లు రెప్ప కొట్టగానే మళ్లీ తేటపడటం మొదటిది. కంటి కురుపులు, నొప్పిలేని రెప్ప గడ్డలు ఏడాదిలో పదేపదే రావడం రెండోది. రెప్ప అంచున సన్నని ఎర్ర నాళాలు అల్లుకుని, అంచు మందంగా కనిపించడం మూడోది. మామూలుగా రెండు కళ్లకూ ఉంటుంది. ముప్పై దాటినవారిలో ఎక్కువ, అయితే పిల్లలకు రాదని కాదు.

ముఖం మీద ఏమీ లేదు. అయినా ఇదే కావచ్చా?

కావచ్చు. కొందరిలో కళ్ల బాధ ముందు మొదలై, చర్మం మీద ఎరుపు ఏళ్ల తరువాత తేలుతుంది. ముఖం ఎంత ఎర్రబడిందనేదానికీ కన్ను ఎంత దెబ్బతిన్నదనేదానికీ లెక్క కుదరదు: బుగ్గలు కొంచెం కందినవారికి కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) దాకా పాకిన సందర్భాలున్నాయి, ముక్కు ఉబ్బినవారికి కళ్లు శుభ్రంగా ఉన్న సందర్భాలూ ఉన్నాయి. ఇంకో చిక్కు, చామనఛాయ లేదా నల్లని చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. అలాంటివారు వేడికి ముఖం భగ్గుమనడం, ఏ క్రీము రాసినా చురుక్కుమనడం, బుగ్గల మీద మొటిమల్లాంటి పొక్కులు రావడం గమనించుకుని కంటి డాక్టరుకు చెప్పాలి. అడిగేదాకా ఆగొద్దు, ఎందుకంటే కంటి డాక్టరు చర్మం గురించి అడగకపోవడం, చర్మం డాక్టరు కళ్ల గురించి అడగకపోవడం మామూలే.

కళ్లలోంచి నీళ్లు కారుతుంటే పొడికళ్లు అంటారేమిటి?

నూనె పొర లేనందున ఉన్న తడి సెకన్లలో ఆరిపోతుంది. కార్నియా ఎండగానే నరాలు కబురు పంపుతాయి, కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. అది చెంప మీదికి కారిపోతుందే తప్ప కంటి మీద నిలవదు. గాలి తగిలినప్పుడు, ఫ్యాన్ కింద కూర్చున్నప్పుడు ఎక్కువగా కారడం అందుకే.

కండ్లకలకకీ, అలర్జీకీ, దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

కండ్లకలక ఉన్నట్టుండి వస్తుంది, పుసులు ఎక్కువగా కడుతుంది, ఇంట్లో మరొకరికి అంటుకుంటుంది, ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. అలర్జీలో దురదదే పెద్దపీట, కళ్లు నలుపుకోకుండా ఉండలేరు, తుమ్ములు కూడా తోడవుతాయి. రొజేసియాలో దురద కంటే మంట ఎక్కువ, అది నెలల తరబడి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, ఎవరికీ అంటదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకే కంటికి, ఒకే రెప్పకు, ఒకే చోట గడ్డ తిరిగి తిరిగి వస్తున్నా, అక్కడ వెంట్రుకలు రాలిపోతున్నా అది రొజేసియా అని సరిపెట్టుకోవద్దు. రెప్పలోని నూనె గ్రంథికి వచ్చే క్యాన్సరు సరిగ్గా ఇలాగే మోసం చేస్తుంది. ముక్క తీసి పరీక్షకు పంపితేనే తేలుతుంది.

ఏం పరీక్షలు చేస్తారు?

రక్తపరీక్షతో తేలే జబ్బు కాదిది. స్లిట్ ల్యాంప్ అనే, కంటిని పెద్దదిగా చేసి చూపే దీపపు పరికరం కింద రెప్ప అంచు, వెంట్రుకల మొదళ్లు, కార్నియా చూస్తారు. ఫ్లోరెసీన్ అనే పసుపు రంగు వేసి, రెప్ప కొట్టకుండా ఉంచి, కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతుందో లెక్కిస్తారు. 10 సెకన్ల లోపే చిట్లితే తక్కువ కిందే లెక్క. రెప్పలో కాగితపు పట్టీ పెట్టి 5 నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూసే షిర్మర్ పరీక్షలో అంకె బాగానే ఉండొచ్చు. ఇక్కడ కొరత నీటికి కాదు, నూనెకు. కొన్నిచోట్ల ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో గ్రంథులను ఫొటో తీస్తారు. అందులో గ్రంథులు పొట్టిగా, అక్కడక్కడ మాయమై కనిపిస్తే వాటిని తిరిగి మొలిపించే మందు లేదు, మిగిలినవాటిని కాపాడుకోవడమే పని. తొందరగా మొదలుపెట్టమని చెప్పేది అందుకు.

వేడి కాపడం సరిగా ఎలా పెట్టాలి?

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు. చిక్కబడిన నూనె కరగాలంటే రెప్పకు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి. 45 దాటితే చర్మం కాలే ప్రమాదం. సందు చిన్నదే, కాబట్టి కాస్త ఒడుపుగా చేయాలి.

చేతులు కడుక్కుని, కాంటాక్ట్ లెన్సులు, మేకప్ తీసేయండి. రెండు చిన్న తువ్వాళ్లు తీసుకోండి. గిన్నెలో వేడినీళ్లు పెట్టుకుని ఒకదాన్ని ముంచి, పిండి, మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. హాయిగా వేడిగా ఉండాలి, చేయి వెనక్కి లాక్కునేలా ఉండకూడదు. కళ్లు మూసుకుని రెప్పల మీద పరచండి. తడి తువ్వాలు రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, అందుకే రెండోది సిద్ధంగా ఉంచుకుని మారుస్తూ ఉండాలి. చాలామంది ఒకే తువ్వాలు వేసుకుని పది నిమిషాలు పడుకుంటారు, అందులో ఎనిమిది నిమిషాలు చల్లటి గుడ్డ కిందే గడుస్తాయి. వేడిని నిలబెట్టుకునే మాస్కు దొరికితే ఈ బాధ ఉండదు. మైక్రోవేవ్‌లో వేడిచేసే మాస్కు ఒక్కోచోట ఎక్కువ కాలుతుంది. తీశాక బాగా కుదిపి, మణికట్టు మీద చూసి, అప్పుడే పెట్టుకోండి.

కాపడం తీసిన వెంటనే, నూనె మళ్లీ గడ్డకట్టకముందే మర్దన చేయాలి. పై రెప్పకు కిందికి చూస్తూ, వేలికొసతో కనుబొమ వైపునుంచి వెంట్రుకల దాకా కిందికి రాయండి. కింది రెప్పకు పైకి చూస్తూ, కిందినుంచి వెంట్రుకల వైపు పైకి రాయండి. ముక్కు దగ్గర మొదలుపెట్టి చెవి వైపు జరుగుతూ ఒక్కో రెప్పకు ఐదు నుంచి పదిసార్లు చాలు. కనుగుడ్డు మీద బలం పడకూడదు. గుడ్డు మీద గట్టిగా నొక్కే అలవాటు కార్నియా ఆకారాన్నే దెబ్బతీయొచ్చు. మర్దన అయ్యాక కొన్ని నిమిషాలు చూపు మసకగా ఉంటే కంగారుపడొద్దు, బయటికొచ్చిన నూనె వల్ల అది.

ఇక్కడో వింత ఉంది. వేడి తగిలితే రొజేసియా ముఖం భగ్గుమంటుంది, కానీ రెప్పకు మందు వేడే. కాబట్టి తువ్వాలును సన్నగా మడిచి కళ్ల మీదే ఉంచండి, బుగ్గల మీదికి రానీయకండి. ఆవిరి పట్టడం వల్ల ముఖమంతా ఎర్రబడటం తప్ప రెప్పకు చేరే వేడి తక్కువ.

రెప్పలు దేంతో కడగాలి?

కాపడం, మర్దన అయ్యాక కరిగి బయటపడిన నూనెను, పొట్టును తుడవాలి. రెప్పల కోసమే చేసిన తడి తుడుపు గుడ్డలు (వైప్స్), లేదా 0.01 శాతం హైపోక్లోరస్ ఆమ్లం స్ప్రే వాడొచ్చు. కన్ను మూసి, వెంట్రుకల మొదళ్ల వెంట అడ్డంగా 15 నుంచి 20 సెకన్లు మెల్లగా తుడవండి. రెండు కళ్లకూ వేరువేరు గుడ్డ. వెంట్రుకల కొసలు తుడిచి సరిపెట్టేవాళ్లే ఎక్కువ, కానీ మురికి ఉండేది మొదట్లో. నీళ్లలో కలిపిన బేబీ షాంపూ పాత పద్ధతి. ఏదీ లేనప్పుడు పనికొస్తుంది, కానీ రోజూ వాడితే కొందరికి కన్నీటి పొర ఇంకా పలచబడి మంట పెరుగుతుంది.

వెంట్రుకల్లో పురుగులుంటాయట, నిజమేనా?

పురుగు అనేంత పెద్దవి కావు, కంటికి కనబడని డెమోడెక్స్ అనే మైట్లు. పెద్దల్లో చాలామంది చర్మం మీద ఉంటాయి, బాధ పెట్టవు. రొజేసియా ఉన్నవారిలో ఇవి ఎక్కువ సంఖ్యలో కనిపిస్తాయి. స్లిట్ ల్యాంప్ కింద ఒక్కో వెంట్రుక మొదట్లో దాన్ని చుట్టుకుని మైనపు గొట్టంలాంటి పొట్టు కనిపిస్తే డెమోడెక్స్ ఉన్నట్టే. డాక్టరు కిందికి చూడమని చెప్పి పై వెంట్రుకలు పరీక్షించేది దీని కోసమే.

2023 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికోసం 0.25 శాతం లోటిలానర్ చుక్కల మందుకు అనుమతిచ్చింది. రోజుకు రెండుసార్లు, 6 వారాలు. మైట్ జీవితకాలం రెండు మూడు వారాలు కాబట్టి గుడ్లనుంచి వచ్చే తరువాతి తరం కూడా ఆ గడువులో దొరుకుతుంది. టీ ట్రీ నూనె కలిపిన తుడుపు గుడ్డలు కొందరికి పనిచేస్తాయి. చిక్కటి టీ ట్రీ నూనెను మాత్రం కంటి దరిదాపులకు తీసుకెళ్లొద్దు, కార్నియా కాలిపోతుంది.

కృత్రిమ కన్నీళ్లలో ఏవి మంచివి?

రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేసుకునేవారు ప్రిజర్వేటివ్ లేనివే కొనాలి. సీసా చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ మాటిమాటికీ తగిలితే అదే కంటిని గీరుతుంది. నూనె కలిసిన రకం ఈ జబ్బుకు బాగా అతుకుతుంది. రాత్రి పడుకునే ముందు ఆయింట్‌మెంటు వేసుకోవచ్చు, కానీ ఆ తరువాత చూపు మసకగా ఉంటుంది. ఎరుపు పోగొడతామని అమ్మే చుక్కలు వద్దు. అవి నాళాలను కాసేపు బిగిస్తాయి, ప్రభావం దిగగానే కన్ను మునుపటికంటే ఎర్రబడుతుంది. మళ్లీ వేయాల్సొస్తుంది, ఇక దానికి అంతుండదు.

ఇన్ఫెక్షన్ కాదంటూనే డాక్సీసైక్లిన్ ఎందుకు రాస్తారు?

ఇక్కడ దాని పని సూక్ష్మజీవులను చంపడం కాదు. వాపు పుట్టించే ఎంజైములను అణచి, రెప్పలోని నూనె విరగకుండా చూస్తుంది. అందుకే మోతాదు కూడా చిన్నది. నెమ్మదిగా విడుదలయ్యే 40 మి.గ్రా. రోజుకొకటి, లేదా 50 నుంచి 100 మి.గ్రా., సాధారణంగా 6 నుంచి 12 వారాలు. తేడా తెలియడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది, పది రోజులకే గుణం లేదని మానేయకండి.

నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకుండా ఉండాలి. గొంతులో ఆగితే అన్నవాహికలో పుండు పడుతుంది. క్యాల్షియం, ఐరన్ మాత్రలతో, యాంటాసిడ్లతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు, రెండు మూడు గంటల ఎడం ఉంచండి. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇది ఇవ్వరు, వాళ్లకు అజిత్రోమైసిన్ లేదా ఎరిత్రోమైసిన్ వంటివి చూస్తారు. ఈ మందు వాడుతుండగా విడవని తలనొప్పి, చూపు మసకబారడం వస్తే తలలో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ కూడా వాడుతుంటే ఆ ప్రమాదం పెరుగుతుంది, రెండూ కలిపి వాడకూడదు. పైగా ఐసోట్రెటినాయిన్ రెప్పల గ్రంథులను కూడా ఎండగడుతుంది.

స్టెరాయిడ్ చుక్కలు వేస్తే రెండు రోజుల్లో తగ్గింది. అవే వాడుకోవచ్చా?

వద్దు. తగ్గేది నిజమే, అందుకే అది ప్రమాదం. కార్నియాకు వాపు పాకినప్పుడు డాక్టరు కొద్ది రోజులకు రాసి, క్రమంగా తగ్గిస్తారు. ఆ పాత సీసాను దాచుకుని ఎర్రబడినప్పుడల్లా వేసుకుంటే కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా, తరువాత శుక్లం వస్తాయి. పలచబడిన కార్నియా చిల్లు పడొచ్చు. హెర్పిస్ వైరస్ ఉన్న కంట్లో పడితే ఇంకా ఘోరం. ముఖానికి స్టెరాయిడ్ క్రీములు రాసినా రొజేసియా రేగుతుంది. ఎక్కువకాలం వాపు ఉండేవారికి, స్టెరాయిడ్ కాని సైక్లోస్పోరిన్ చుక్కలు ఒక దారి. మొదట్లో చురుక్కుమంటాయి, గుణం కనిపించడానికి నెలలు పడుతుంది.

ఐపీఎల్ చికిత్స ఎవరికి?

ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్‌ను కింది రెప్పకు దిగువన చర్మం మీద, కళ్లకు రక్షణ కవచం పెట్టి ఇస్తారు. కొన్ని వారాల ఎడంతో మూడు నాలుగు విడతలు. ఇంటి శుభ్రం, మాత్రలు రెండూ చేసినా తగ్గనివారికి ఆలోచించదగ్గదే. నల్లని చర్మం ఆ వెలుగును ఎక్కువగా పీల్చుకుని కాలవచ్చు, మచ్చలు పడవచ్చు. మీ చర్మపు రంగుకు ఆ మిషను సరిపోతుందో లేదో ముందే అడగండి.

చేపనూనె మాత్రలు పనిచేస్తాయా?

2018లో వెలువడిన పెద్ద పరిశోధనలో పొడికళ్లవారికి ఏడాదిపాటు రోజుకు 3000 మి.గ్రా. ఒమేగా-3 ఇచ్చి చూశారు. ఆలివ్ నూనె మాత్రలు మింగినవారికంటే వారికేమీ ఎక్కువ మేలు జరగలేదు. ఆ ఖర్చు మంచి వేడి మాస్కు మీద పెట్టడం నయం.

ఏవి తింటే, ఏం చేస్తే రేగుతుంది?

అందరికీ ఒకే జాబితా లేదు. ఎండ, వేడిగాలి, మద్యం, కారం, పొగలు కక్కే పానీయాలు, మానసిక ఒత్తిడి తరచుగా వినిపించేవి. నెల రోజులు చిన్న పుస్తకంలో కళ్లకు 0 నుంచి 10 దాకా మార్కులు వేస్తూ, ముందురోజు ఏం తిన్నారో, ఎంతసేపు ఎండలో ఉన్నారో రాసుకోండి. మూడుసార్లు జత కుదిరినదాన్నే మానేయండి, జాబితాలో ఉన్నదల్లా మానేస్తే బతుకు చప్పబడుతుంది. ఎండలో పక్కలు కప్పే చలవ కళ్లద్దాలు పెట్టుకోండి. కంప్యూటరు ముందు రెప్పలు తక్కువగా, సగం సగమే కొడతాం. నూనె బయటికి రావాలంటే రెప్పలు పూర్తిగా మూతపడాలి. గంటకోసారి పది నిండు రెప్పపాట్లు గుర్తుపెట్టుకుని వేయండి.

మేకప్, కాంటాక్ట్ లెన్సులు?

ఐలైనర్ గానీ కాటుక గానీ వెంట్రుకల లోపలి అంచున పెడితే నేరుగా గ్రంథుల నోళ్ల మీదే పూసినట్టు. బయటివైపే పరిమితం చేయండి. మస్కారా మూడు నెలలకు మించి ఉంచొద్దు. కన్ను రేగినప్పుడు లెన్సులు మానేయాలి, శాంతించాక రోజువారీ పారేసే రకం మేలు. శుక్లం ఆపరేషను, లేజరు ఆపరేషను ముందుంటే రెప్పలను ముందుగా బాగు చేయించుకోండి. వాచిన రెప్పతో ఇన్ఫెక్షను భయం ఒకటి, ఆరిపోయే కన్నీటి పొర మీద కంటి కొలతలు తప్పుగా వచ్చి లెన్సు పవరు తేడా రావడం రెండోది.

పిల్లలకు వస్తే?

తరచుగా ఒక కంట్లో ఎక్కువగా ఉంటుంది. పదేపదే కురుపులు, వెలుతురుకు కళ్లు మూసుకోవడం చూసి అలర్జీ అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. పిల్లల్లో కార్నియా దెబ్బతినడం తక్కువేమీ కాదు. రెండు మూడు కురుపులు వచ్చిన పిల్లవాణ్ణి స్లిట్ ల్యాంప్ కింద చూపించాల్సిందే.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మంట కాస్తా నొప్పిగా మారితే, వెలుతురు అసలు చూడలేకపోతే, రెప్ప కొట్టినా పోని మసక ఉంటే, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే ఆ రోజే చూపించుకోండి. కార్నియాకు, ముఖ్యంగా కింది భాగానికి, వాపు పాకితే అక్కడికి కొత్త రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, మచ్చ పడితే చూపు తగ్గుతుంది.

ఇది పూర్తిగా పోతుందా? ఎన్నాళ్లు ఇలా చేయాలి?

పోదు, అదుపులో ఉంటుంది. రోజుకు రెండుసార్లు కాపడం, శుభ్రం తప్పకుండా చేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో పొద్దున రెప్పలు అంటుకోవడం తగ్గుతుంది, ఎరుపు ఆ తరువాతే తగ్గుతుంది. బాగున్నాక రోజుకొకసారికి దించండి, రాత్రి పళ్లు తోముకునే వేళకు కలిపేస్తే మరిచిపోరు. పూర్తిగా మానేస్తే వారాల్లో తిరగబెడుతుంది. గరగర మళ్లీ మొదలైన రోజే తిరిగి రెండుసార్లకు వెళ్లండి. రెండు వారాలు చూసినా దిగకపోతే పాత చీటీలోని మందులు మీరే కొనుక్కోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.